తగరపు కోడి మూడు నిమిషాలు

ఏప్రిల్ 10

"కెండ్రా బాగానే మాట్లాడింది" అని నిన్న ఇక్కడ రాసి పుస్తకం మూసేశావు, ఇర్మా. తప్పు. కెండ్రా బ్రహ్మాండంగా మాట్లాడింది. మన కొంప ముంచింది అదే.

ఇవాళ రెండు కప్పుల కాఫీ పడ్డాక బుర్ర కాస్త కుదుటపడింది. జరిగింది జరిగినట్టు రాసి పెడతాను, రేపు నాకు నేనే ఇంకో కథ చెప్పుకోకుండా.

కాలేజీ బోర్డు మీటింగు. వైస్ ప్రెసిడెంటు హాలక్ లేచాడు. వయసు మా పెద్దాడిదే, ధీమా మాత్రం మా తాతది. అందరికీ నెల ముందే తెలిసిన తీర్మానమే, నర్సింగ్ పిల్లలకి నీతి క్లాసు ఇకనుంచి తప్పనిసరి కాదన్నాడు. దాని బదులు కంప్యూటర్ మీద రెండు గంటల పాఠం, ఇంట్లో కూర్చుని నొక్కుకోవచ్చు, సరైన జవాబైతే పచ్చగా వెలుగుతుందట. కాగితాల్లో నా క్లాసుని అనువర్తిత నీతిశాస్త్రం అంటారు, పిల్లలు "ఏమో"ల క్లాసు అన్నా నేనేమీ అనుకోను. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను. నర్సింగ్ పిల్లలు రాకపోతే ఆ గదిలో మిగిలేది నేనూ హీటరూ. ఇద్దరి కోసం కాలేజీ గది తెరవదు.

బోర్డు ముందు ఊళ్ళోవాళ్ళు ఎవరైనా మాట్లాడొచ్చు. మనిషికి మూడు నిమిషాలు, అవగానే గంట కొడతారు. మా తరఫున ఒక్కళ్ళే మాట్లాడాలనీ, ఆ ఒక్కళ్ళూ కెండ్రా ట్రెవారో కావాలనీ పట్టుబట్టింది నేను. ముసలమ్మ తన ఉద్యోగం కోసం ఏడుస్తోందంటారు, క్లాసులో కూర్చున్న పిల్ల మాట్లాడితే వింటారని నా లెక్క. కెండ్రాకి ఇరవై నాలుగేళ్ళు. వారమంతా కిరాణా దుకాణంలో బిల్లింగు, శని ఆదివారాలు వృద్ధాశ్రమంలో ఆయా పని, మధ్యలో ఇక్కడ నర్సింగ్ చదువు. ఇన్నేళ్ళలో అంత నిదానంగా ఆలోచించే పిల్లని నేను చూడలేదు. వచ్చే సెప్టెంబరులో యూనివర్సిటీకి వెళ్ళి తత్త్వశాస్త్రం చదువుతుంది. సీటొచ్చింది.

నా క్లాసులో నియమం ఒకటే. ఎదుటివాడి వాదన ముందు నువ్వు చెప్పు. వాడికంటే బాగా చెప్పు. "అవును, నేననేది ఇదే" అని వాడు తలూపాకే నీ జవాబు. వాళ్ళకి మూడొంతులు, నీకు ఒక వంతు. ఆ ఒక వంతే చాలు, గురి ఉంటే.

కెండ్రా అదే చేసింది. అక్షరం పొల్లుపోకుండా చేసింది. మంచులో అరవై మైళ్ళు కారు నడుపుకుని వచ్చే తల్లుల గురించి చెప్పింది. ఒక్క క్లాసు తగ్గితే ఒక టర్ము ముందే ఉద్యోగంలో చేరే ఆడపిల్లల గురించి చెప్పింది. ఈ కౌంటీలో నర్సు కోసం గంట నొక్కి ఎదురుచూసే ముసలివాళ్ళ గురించి చెప్పింది. హాలక్ పుస్తకం మూసేసి మరీ విన్నాడు. తన వాదన అంత గొప్పదని వాడికి అప్పుడే తెలిసినట్టుంది.

అప్పుడు కెండ్రా ఊపిరి తీసుకుని, "కానీ," అంది.

గంట మోగింది.

"ఒక్క అర నిమిషం సార్..."

"అందరికీ ఒకటే గంటమ్మా," అన్నాడు ఛైర్మన్ రస్ పెల్కీ. మంచు మీద నడిపే బళ్ళు అమ్ముతాడు. ఎవరినీ నొప్పించడు, ఎవరినీ వినడు. "చాలా చక్కగా చెప్పావు తల్లీ. నిజం చెప్పాలంటే మన హాలక్ గారు కూడా ఇంత బాగా చెప్పలేదు!"

అందరూ నవ్వారు. హాలక్ కూడా నవ్వాడు. కెండ్రా నోరు తెరిచే ఉంది. ఓట్లేస్తే ఐదుగురు అటు, ఇద్దరు ఇటు. మీటింగు మినిట్స్‌లో ఏం రాసుకున్నారో తెలుసా? కెండ్రా ట్రెవారో అనే విద్యార్థిని తీర్మానాన్ని సమర్థించారు.

నాకు ఆ పిల్ల మీద కోపం లేదు.

ఏప్రిల్ 11

మార్చిలో మెట్ల మీద మంచుకి జారి మణికట్టు విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచీ మా అక్క లెంపి వంటింటికి రాణి. కుర్చీలో కూర్చుని పాలిస్తుంది. వండేది నేను.

"ఇదేంటే?"

"గుడ్డు."

"రాయి. చెంచా దిగట్లేదు. నేనడిగింది పచ్చసొన జారే గుడ్డు. దీంతో కిటికీ పగలగొట్టొచ్చు."

"మూడు నిమిషాలే ఉడకబెట్టానక్కా. కోడి పెట్టి మరీ."

కోడి అంటే తగరపు కోడి. మెడ తిప్పి కీ ఇస్తే నిమిషాలు లెక్కపెట్టి గంట కొడుతుంది. పాతికేళ్ళ కిందట ఒక బ్యాచ్ పిల్లలు బహుమతిగా ఇచ్చారు, ఇన్నాళ్ళూ బల్ల మీద అలంకారం. లెంపి చెయ్యి విరిగాక పనిలో పెట్టాను. కెండ్రా ప్రాక్టీసుకి కూడా అదే, రెండు వారాలు సంచిలో వేసుకుని మోశాను.

"నీ కోడికేం తెలుసు గుడ్డు సంగతి? పొయ్యి దగ్గర నిలబడి చర్చిపాట మూడు చరణాలు పాడు, దించు. అమ్మ అలాగే చేసేది."

"దేవుణ్ణి గుడ్లు ఉడకబెట్టడానికి పిలవడం నాకు ఇష్టం లేదు."

"పిలిస్తే కనీసం తినేలా ఉడికేవి."

బజారు గుడ్లు. పెంకు మందం ఎక్కువ.

ఏప్రిల్ 12

కెండ్రా ఫోన్ చేసింది. స్నానంలో ఉన్నాను.

ఏప్రిల్ 13

మళ్ళీ రెండుసార్లు చేసింది. మళ్ళీ స్నానం. ఇంత శుభ్రమైన మనిషి ఈ ఇంట్లో ఎప్పుడూ లేదని లెంపి అంటోంది.

ఏప్రిల్ 15

క్లాసు. ఫోన్లన్నీ ఎప్పట్లాగే తలుపు దగ్గర బుట్టలో పడ్డాయి. ఆ గదిలో ఎవడి చేతిలోనూ తెర వెలగకూడదు, ఆ విషయంలో నేను నియంతని. కెండ్రా రాలేదు. ఆమె కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఎవరో చచ్చిపోయినట్టు దాని పక్కనుంచి మెల్లిగా నడిచారు.

రాబీ అని ఒకడున్నాడు. అంబులెన్సు పని నేర్చుకుంటున్నాడు, మెడలోంచి కారు తాళాలు తియ్యడు. చెయ్యి ఎత్తాడు.

"మేడమ్, ఆ నియమం ఇంకా ఉందా? ఎదుటివాళ్ళ మాట ముందు చెప్పాలనేది?"

"ఎందుకు ఉండదు?"

"అంటే... మొన్న చూశాం కదా. ముందు మన మాట చెప్పేసి, టైముంటే వాళ్ళది చెబితే సరిపోయేదేమో అని."

"రాబీ, యాక్సిడెంటు చోటికి వెళ్తే ముందు నీ ఫొటో దిగి, టైముంటే దెబ్బ తగిలినవాణ్ణి చూస్తావా?"

అందరూ నవ్వారు. రాబీ నవ్వలేదు. వాడడిగింది సబబైన ప్రశ్న, నేనిచ్చింది చమత్కారం. రెండూ ఒకటి కావని మొదటివారంలోనే ఆ గదిలో చెప్పిన మనిషిని నేనే.

వరండాలో హాలక్ ఎదురయ్యాడు.

"ప్రొఫెసర్ నీమెలా! మీ శిష్యురాలు అద్భుతం. ఆమె మాటలు కాలేజీ పత్రికలో వేస్తున్నాం. మీ పెంపకం గొప్పదండీ."

"మాటలన్నీ వేస్తున్నారా, గంట దాకానేనా?"

"గంట తర్వాత ఆమె ఏమీ అనలేదు కదండీ." వెటకారం కాదు. పాపం, వాడికి వెటకారం చేతకాదు. "అన్నట్టు ఆ కంప్యూటర్ పాఠం ప్రశ్నలు మీరొకసారి చూసిపెడితే బాగుంటుంది. ప్రశ్నకి నాలుగు జవాబులు, ఒకటి సరైనది. సరైంది నొక్కితే పచ్చగా వెలుగుతుంది."

"తప్పుది నొక్కితే?"

"మళ్ళీ నొక్కొచ్చు. పచ్చగా వెలిగేదాకా."

"బాగుంది. చివరికి ప్రతివాడూ నీతిమంతుడే."

"అదే కదండీ మనక్కావలసింది!" అన్నాడు.

ఏప్రిల్ 16

మనవడు ఫోన్ చేశాడు. "నానమ్మా, డెబ్బై నాలుగొచ్చాయి కదా, హాయిగా ఇంట్లో కూర్చుని మేజోళ్ళు అల్లుకోవచ్చుగా?" వాడి పుట్టినరోజుకి మేజోళ్ళే పంపుతాను. ఒకటి.

ఏప్రిల్ 17

సరుకులకి వెళ్ళాను. మాంసం, దుంపలు, అవి కూరి కాల్చే పాస్టీ రొట్టెల్లోకి పిండి. గుడ్లు ఈసారి వేరే రకం, ఖరీదైనవి. కెండ్రా మూడో కౌంటర్లో ఉంది. నన్ను చూడలేదు. నాలుగో వరస చిన్నదిగా ఉంది కాబట్టి అటు వెళ్ళాను.

ఏప్రిల్ 18

నిన్న రాసిన దానికి సవరణ. నాలుగో వరసలో నా ముందు ఐదుగురున్నారు. ఒకావిడ బండి నిండా పిల్లి మేత. కెండ్రా దగ్గర ఎవరూ లేరు. చేతులు ముందు పెట్టుకుని ఖాళీగా నిలబడి ఉంది. నన్ను చూసింది.

గుడ్లు ఖరీదైనవి కూడా రాళ్ళే. పొయ్యిలో లోపం ఉండి ఉంటుంది.

ఏప్రిల్ 20

కెండ్రా ఇంటికే వచ్చింది. దుకాణం ఎర్ర చొక్కా మీద కోటు వేసుకుంది. తలుపు తీసింది లెంపి. నేను తియ్యనని దానికి తెలుసు. "మా శుభ్రమైన చెల్లెలు లోపలుందమ్మా" అని కాదు, పుణ్యానికి "లోపలికి రా తల్లీ" అనే అంది.

కూర్చోమన్నాను. కాఫీ వద్దంది. నేనూ రెండోసారి అడగలేదు.

"మేడమ్, మీకు కోపంగా ఉంది."

"లేదు."

"సరే. నేనొచ్చింది ఒక్కటి చెప్పడానికి. నేను తప్పు చెయ్యలేదు. మీరు చెప్పినట్టే చేశాను. క్లాసులో మీ కోడి పెట్టుకుని ఎన్నిసార్లు చెప్పానో మీరే చూశారు. ఒక్కసారైనా గంట కొట్టాక నా మాట మిగిలిందా?"

"క్లాసు వేరు, బోర్డు వేరు. కాళ్ళు వణుకుతుంటే మాట సాగుతుంది."

"నా కాళ్ళు వణకలేదు."

"సాగదీశావమ్మాయ్. హాలక్ మొహం వెలగడం చూసి నీకూ ముచ్చటేసింది. ఎదుటివాడి మాట మరీ అంత ప్రేమగా చెప్పమని నేననలేదు."

"అన్నారు. సరిగ్గా అదే అన్నారు. తొందరపడొద్దన్నారు. ఇంట్లో వల్లెవేస్తే చిలకపలుకుల్లా ఉంటుంది, క్లాసులోనే చాలన్నారు."

"అయితే ఏమంటావు? కాలేజీ గంట నీ మీద పగబట్టి ముందే మోగిందా?"

ఆమె మొహం చూసి ఉండాల్సింది కాదు. చూశాను. ఎన్నో రకాల పేషెంట్ల తిట్లు తిన్న పిల్ల, దేనికీ అలా పాలిపోయి ఉండదు.

"యూనివర్సిటీ సీటు మే ఒకటిలోపు ఖాయం చేసుకోవాలి," అంది లేస్తూ. "చేసుకోవట్లేదు. మూడు నిమిషాల్లో ఒక క్లాసుని కాపాడలేనిదాన్ని నాలుగేళ్ళు కూర్చుని ఏం ఆలోచిస్తాను? దుకాణంలో సూపర్వైజర్ని చేస్తామన్నారు. నర్సింగ్ కూడా తర్వాత చూసుకుంటాను."

"నీ ఇష్టం," అన్నాను.

నీ ఇష్టం! ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పిన నోటికి చివరికి దొరికిన మాట.

ఆమె వెళ్ళాక లెంపి అంది, "పిల్ల అబద్ధం చెబుతున్నట్టు లేదే."

"అబద్ధమని ఎవరన్నారు? భయపడిన మనిషికి కాలం తెలీదు. అంతే."

"నీకు తెలుస్తోందా మరి?"

ఏప్రిల్ 21

నాకు కోపం లేదు.

ఏప్రిల్ 23

లెంపి కట్టు విప్పేశారు. ఆస్పత్రినుంచి రాగానే కోటు కూడా తియ్యకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

"లే అక్కడ్నించి. ఆరు వారాలుగా రాళ్ళు తింటున్నాను."

"నేను కూడా పక్కన కోడి పెడతాను. పొయ్యి తప్పో, నా తప్పో తేలిపోతుంది."

"పెట్టు, పెట్టు. దాన్నీ పాడమను."

నీళ్ళు మరిగాయి. గుడ్డు వేసింది. నేను కోడి మెడ మూడుకి తిప్పాను. లెంపి పాడింది. దాని గొంతు అరవై ఏళ్ళుగా శ్రుతి తప్పుతూనే ఉంది, తాళం మాత్రం ఎన్నడూ తప్పలేదు. మూడు చరణాలయ్యాయి. గుడ్డు తీసింది, పైపెంకు కొట్టింది, చెంచా వేసింది. పచ్చసొన జారింది. ఉప్పేసుకుంది. రొట్టె ముక్క ముంచుకుంది. తింటోంది.

కోడి టిక్కు టిక్కు మంటూనే ఉంది.

"నీ కోడి ఇంకా గుడ్డు మీదే కూర్చుందే," అంది లెంపి, నోట్లో రొట్టెతో.

అప్పుడు మోగింది.

గోడ గడియారం కిందకి తీసుకెళ్ళి మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టాను. లెంపి తన ఫోను తెచ్చింది, దాంతోనూ చూశాను. కోడి మూడంటే లోకానికి దాదాపు నాలుగు. ప్రతిసారీ. పాతికేళ్ళు బల్ల మీద కదలకుండా కూర్చుని స్ప్రింగు బద్ధకించింది. ఎవరు మాత్రం కదలకుండా కూర్చుంటే బద్ధకించరు?

మా గదిలో ఫోను ఉండి ఉంటే ఏ రాబీనో చూసి చెప్పేవాడు. బుట్టలో పెట్టించింది నేను. ఇంట్లో చెప్పుకుని ఉంటే ఆ పిల్లే పట్టుకునేది. వద్దంది నేను. నాలుగు నిమిషాల్లో మూడొంతులు వాళ్ళకి ఇచ్చిందంటే ఎంత? మూడు. సరిగ్గా "కానీ" దగ్గర. ఆ పిల్ల ఒక్క క్షణం కూడా సాగదీయలేదు.

పొయ్యిని అనుమానించాను. గుడ్లని అనుమానించాను. ఆ పిల్ల కాళ్ళని అనుమానించాను. ఏ మాటనైనా నమ్మేముందు అది దేనిమీద నిలబడిందో తట్టి చూడండని ఏటా చెప్పే మనిషికి, చేతిలో ఉన్న కోడిని తట్టి చూడాలని తోచలేదు.

లెంపి గిన్నె కడుగుతోంది. కడిగిందే మళ్ళీ కడుగుతోంది.

ఏప్రిల్ 24

రస్ పెల్కీకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయికి ఇంకో నిమిషం ఇవ్వండి, వచ్చే మీటింగులో, తప్పు నాది అని చెప్పాను. కారణం చెప్పాను.

"గుడ్ల గంటా?" అన్నాడు.

"గుడ్ల గంటే."

నవ్వాడు. దుర్మార్గంగా కాదు, మంచి జోకు విన్నట్టు. "ఇర్మా గారూ, అయిపోయిందండీ. ఓటేశాం. కంప్యూటర్ పాఠానికి సంతకాలు కూడా అయ్యాయి. అయినా ఆ అమ్మాయి చెప్పిందాంట్లో తప్పేముంది? మా ఆవిడ ఏడ్చింది కూడా."

"ఆమె చెప్పబోయింది వేరండీ."

"ఇంక చెప్పి ఏం లాభం లెండి?"

ఆమె చెప్పబోయింది నాకు కంఠతా వచ్చు. ఎవరూ వినలేదు కాబట్టి కనీసం ఇక్కడ ఉండనీ.

"కానీ. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఆర్వో అనే తాతగారున్నారు. రోజూ సాయంత్రం నా భార్య ఎప్పుడొస్తుందని అడుగుతారు. ఆవిడ పోయి ఆరేళ్ళు. ఏం చెప్పాలి? ఈ క్లాసులో నా జవాబు చెబితే పద్నాలుగుమంది ఎదురుతిరిగారు. ఆ వారం ఆయనకి వేరే జవాబు చెప్పాను. పైవారం ఇంకొకటి. సరైనదేదో నాకు ఇప్పటికీ తెలీదు. తెలీదని తెలుసు కాబట్టి చెప్పి వెళ్ళిపోకుండా ఆయన పక్కన కూర్చుంటాను. పచ్చగా వెలిగే జవాబు దొరికిన మనిషి కూర్చోదు. రేపు మీ అమ్మ పక్కన ఎవరుండాలో మీరే చెప్పండి."

ఇంతే. దీనికి ఒక నిమిషం కూడా పట్టదు.

క్లాసు పోయింది. అది తిరిగి రాదు, పెల్కీ చెప్పింది నిజమే. ఆ కంప్యూటర్ పాఠం చూసి, ప్రశ్నలు బాగున్నాయని హాలక్‌కి రాయను, బాగాలేవనీ రాయను. వాడికి రెండూ పచ్చగానే వెలుగుతాయి. మే నెలాఖరుకి గది తాళం ఇచ్చేస్తాను. ఏడుస్తానేమో, అది నా గొడవ.

మే ఒకటి మాత్రం ఇంకా రాలేదు.

ఏప్రిల్ 25

రెండుసార్లు ఫోన్ చేశాను. తియ్యలేదు. ఆమె కూడా స్నానంలో ఉండి ఉంటుంది.

ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. మొదటి పేజీ అంతా నేనెంత మంచి ఉద్దేశంతో ఆ నియమం పెట్టానో వచ్చింది. రెండో పేజీలో కోడి. చించేశాను. నియమం తప్పు కాదు, అది నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ దాన్ని నిలబెట్టుకోవడం కోసం ఒక పిల్లని అబద్ధాలకోరుని చేశాను. ఈ రెండూ ఒకే ఉత్తరంలో ఇమిడేవి కావు, కనీసం నా చేతిరాతలో.

"మాట్లాడటం నీకు వచ్చు కదా, వెళ్ళి మాట్లాడు," అంది లెంపి.

"మాట్లాడటమే కదక్కా నా జబ్బు."

"అయితే నోరు మూసుకుని వెళ్ళు."

డెబ్బై ఎనిమిదేళ్ళలో మా అక్క ఇచ్చిన మొదటి పనికొచ్చే సలహా.

ఏప్రిల్ 26

రేపటికి, ఇర్మా.

పొద్దున దుకాణానికి వెళ్ళు, పదింటికి కెండ్రా కౌంటర్లోకి వస్తుంది. డజను గుడ్లు తీసుకో, మామూలువి చాలు. లెంపికి ఉప్పు వెయ్యని వెన్న. వంటసామాన్ల వరసలో బ్యాటరీతో నిమిషాలు లెక్కపెట్టే గంట ఉంటుంది, అదొకటి తీసుకో. తగరపు కోడిని ఇంట్లోంచే సంచిలో వేసుకెళ్ళు, కాగితంలో చుట్టు, మోగకుండా.

కౌంటర్ మీద ముందు కోడినీ కొత్త గంటనీ పక్కపక్కన పెట్టు. రెండింటినీ మూడుకి తిప్పు. వివరించకు. కొత్తది మోగుతుంది. నువ్వు కదలకు. పాతది మోగేదాకా అలాగే నిలబడు. వెనకవాళ్ళు గొణుగుతారు, గొణగనీ. ఆమె చూస్తుంది, ఆమెకి అర్థమవుతుంది. మొదటి మాట ఆమెది. అది ఎంత చేదుగా ఉన్నా పూర్తయ్యేదాకా విను. ఆ తర్వాత క్షమాపణ చెప్పు, ఒక్క వాక్యంలో, చమత్కారం లేకుండా. సీటు సంగతి నువ్వు ఎత్తకు.

మూడో కౌంటర్. ఆమె వరసలోనే నిలబడు. నాలుగోది ఈసారి నిజంగానే ఖాళీగా ఉన్నా సరే.